జాంబన్న గేజిలో బుడగ

అనగనగా, ఎలుగుబంట్లు కూడా సముద్రంలో మునకలేసే కాలంలో, ఒడ్డును ఆనుకుని ఒక అడవి ఉండేది. అక్కడి జంతువులు వీపున గాలి సిలిండరు కట్టుకుని సముద్రం అడుగుదాకా వెళ్లి వచ్చేవి.

ప్రతి సిలిండరుకూ ఒక గొట్టం, గొట్టం చివర ఒక గేజి. గాలి ఎంత మిగిలిందో గేజిలోని ముల్లు చూపేది. గొట్టమూ గేజీ కలిసేచోట సన్నని పిన్ను, ఆ పిన్నుకు రెండు రబ్బరు రింగులు. కందిగింజంత కూడా ఉండవు. కానీ గాలి బయటికి పోకుండా కాపలా కాసేవి అవే. అరిగినప్పుడు తీసి పారేసి, కొత్తవి వేసుకోవాలి.

అందుకే అక్కడొక కట్టుబాటు ఉండేది. దిగబోయే ముందు గేజిని నీళ్ల తొట్టిలో ముంచాలి. బుడగలు వస్తున్నాయేమో పక్కవాళ్లు చూడాలి. ఎవరి గేజి వాళ్లు చూసుకోకూడదు. మన లోపం మన కంటికి ఒక పట్టాన ఆనదు కదా!

జాంబన్న అనే ఎలుగుబంటికి మాత్రం ఈ తొట్టి అంటే చిన్నతనం. అడవి మొత్తానికీ బలశాలి తనే. గేజి ఇత్తడి డబ్బాను రోజూ చింతపండుతో తళతళలాడేలా తోమేవాడు. లోపలి రింగుల జోలికి మాత్రం ఏనాడూ పోలేదు.

ఒకనాటి పొద్దున్న సొరచేప ఒకటి ఏడుస్తూ ఒడ్డుకొచ్చింది. "అయ్యా! నా బిడ్డ పాత వలలో చిక్కుకున్నాడు. కదలకపోతే వాడికి ఊపిరాడదు. సాయం చెయ్యండయ్యా!"

ఆ వల మోకులు తెంచే బలం జాంబన్న ఒక్కడికే ఉంది. తోడుగా నూకాలు అనే ముంగిస బయలుదేరింది. నూకాలు గేజి తొట్టిలో ముంచగానే బుడుక్కున ఒక బుడగ వచ్చింది.

"చూశారా, నూకాలు గేజి ఈలేస్తోంది!" అని జాంబన్న పకపకా నవ్వాడు. ఒడ్డునున్నవాళ్లూ నవ్వారు. నూకాలుకు సిగ్గేసింది. అయినా కూర్చుని రింగు మార్చుకుంది.

"నీది కూడా ముంచు మామా, నేను చూస్తా."

"నా గేజినా? నువ్వా చూసేది? చాల్లే, పద!" అంటూ జాంబన్న దూకేశాడు.

వల కనబడే లోపే అతని గేజి పక్కనుంచి బుడగలు దారంలా లేచాయి. ముల్లు గబగబా దిగిపోయింది. చేసేదిలేక పైకొచ్చాడు. గేజిని పానాతో బిర్రుగా బిగించాడు. అరిగిన రింగు బిగిస్తే బాగుపడుతుందా?

సిలిండరు మార్చుకుని రెండోసారి దిగాడు. సగం మోకులు తెంచాడు. ఈసారి బుడగలు బుడబుడా పొంగాయి. మళ్లీ పైకి రాక తప్పలేదు. కింద పిల్ల కదలడం మానేసింది. తల్లి గుండె పగిలేలా ఏడ్చింది.

జాంబన్న మైనం ముద్ద తెచ్చి గేజికి పూయబోయాడు. నూకాలు అతని చెయ్యి పట్టుకుంది.

"మామా, పొద్దున్న అందరూ నన్ను చూసి నవ్వారు. ఏం పోయింది నాకు? అక్కడ పసివాడి ప్రాణం పోతోంది. ముంచు మామా!"

జాంబన్న చుట్టూ చూశాడు. అందరి కళ్లూ తన మీదే. ముఖం చిన్నబోయింది. తల వంచుకుని, అందరి ముందూ గేజిని తొట్టిలో పెట్టాడు. తొట్టంతా బుడగలే! ఈసారి ఎవరూ నవ్వలేదు.

నూకాలు సిలిండరు కుళాయి కట్టేసి, గొట్టంలో గాలి వదిలి, గేజి విప్పింది. రింగులు ఎండిపోయి బీటలిచ్చాయి. పిన్ను తుడిచి కొత్తవి తొడిగి, మళ్లీ ముంచి చూసింది. నీళ్లు నిశ్చలంగా ఉన్నాయి.

మూడోసారి ఇద్దరూ కలిసి దిగారు. పటపటా మోకులు తెగాయి. నూకాలు పిల్లను ముందుకు తోసింది. వాడు మెల్లగా తోక ఆడించాడు, ఆపైన రివ్వున తల్లి దగ్గరికి పరుగుతీశాడు. ఒడ్డంతా ఒకటే కేరింతలు!

"ఎంత బలమయ్యా నీది!" అని తల్లి సొర దండం పెట్టింది.

"బలం పొద్దున్న కూడా ఉందమ్మా," అన్నాడు జాంబన్న. "అప్పుడు పనికి రాలేదు."

పిల్లలూ, లోపం చిన్నగా ఉన్నప్పుడే నలుగురిలో ఒప్పుకుని సరిచేసుకుంటే పరువు పోదు, పదిమందికీ మేలు జరుగుతుంది.