పేరుకు ముందు దగ్గు

సింగికోట పట్టణపు చరిత్ర మ్యూజియంలో నెలనెలా ప్రసంగాలు చేసే మార్తాండం పంతులు ఎన్నో గ్రంథాలు చదివినవాడు, ఎన్నో శాసనాలు చూసినవాడు. కానీ "తెలియదు" అనే ఒక్క మాట మాత్రం ఆయన నోట వచ్చేది కాదు.

ఆ మ్యూజియం పూర్వం జమీందారు కచేరీ. మూడు గదుల పెంకుటిల్లు. దాని బాధ్యురాలు జరీనా బేగం ప్రతి వస్తువు కిందా ఒక చీటీ పెట్టేది. ఎక్కడ దొరికింది, ఎవరిచ్చారు, ఏనాటిది అని అందులో రాసేది. తెలియనిచోట ఒక గీత గీసి ఊరుకునేది. ఏ చీటీలో చూసినా అక్షరాల కంటే గీతలే ఎక్కువగా కనిపించేవి.

నడిమి గదిలో గోడకు ఆనించి ఒక రాయి ఉండేది. కోట కందకంలో దొరికిన రాయి అది. దాని మీద ఒక స్త్రీ కుడిచెయ్యి పైకెత్తి నిలబడి ఉంటుంది. ఎన్నేళ్ళ వానలకో ముఖం అరిగి, కళ్ళూ ముక్కూ లేకుండా నున్నగా అయిపోయింది. రాతి మీద ఒక్క అక్షరం లేదు. పక్కనే చర్మం చిరిగిన నగారా ఒకటి. అది కోటగుమ్మం మీద ఉండేదని మాత్రం తెలుసు.

ప్రతి నెలా రెండో శనివారం మధ్యాహ్నం మూడింటికి ప్రసంగం జరిగేది. పదిమంది వస్తే గొప్ప. జరీనా ప్రతి ప్రసంగాన్నీ టేపు మీద రికార్డు చేసి, తేదీ రాసి బీరువాలో భద్రపరిచేది.

ఒక శ్రావణమాసపు శనివారం నలభై మంది వచ్చారు. వాన దంచుతోందని బస్టాండు నుంచి పరుగెత్తుకొచ్చినవాళ్ళే వాళ్ళలో సగం మంది. పంతులు ఉత్సాహంగా రాయి ముందు నిలబడ్డాడు. కూరల సంచీ పట్టుకున్న ఒకావిడ ముందు వరసలోంచి అడిగింది.

"పంతులుగారూ, ఈ యమ్మ పేరేటండీ?"

ఆయనకు తెలియదు. ఆ మాటకొస్తే ఎవరికీ తెలియదు. కానీ నలభై ముఖాలు తనవైపే చూస్తున్నాయి. ఆయన చిన్నగా పొడిదగ్గు దగ్గాడు. కిటికీ వైపు చూశాడు. రోడ్డుకు అవతల వానలో తడుస్తూ "అచ్చియమ్మ భోజన హోటల్" అనే బోర్డు కనిపించింది.

"ఈమె పేరు అచ్చియమ్మ," అన్నాడు.

"ఎలా పోయిందండీ?"

ఒక అడుగు పడ్డాక రెండో అడుగు తేలిక. శత్రువులు కోటను ముట్టడించారన్నాడు. నగారా మోగించి ఊరిని హెచ్చరించవలసిన కాపరి, శత్రువు పంపిన బంగారు కంకణానికి ఆశపడి కర్రలు కింద పెట్టేశాడన్నాడు. అచ్చియమ్మ తానే గుమ్మమెక్కి వట్టిచేత్తో నగారా కొట్టిందనీ, ఊరు మేల్కొనేలోగా బాణం తగిలి ఒరిగిపోయిందనీ చెప్పాడు. "అదిగో, ఎత్తిన ఆ చెయ్యే సాక్ష్యం!" అని ముగించాడు.

గదంతా "అయ్యో తల్లీ" అంది. ఆయన జీవితంలో మొదటిసారి జనం చప్పట్లు కొట్టారు.

అందరూ వెళ్ళాక జరీనా చీటీ తీసింది. "పంతులుగారూ, ఆధారం ఏమని రాయమంటారు?"

"జనశ్రుతి అని రాయమ్మా."

"ఏ జనం?"

"నీకన్నీ అనుమానాలే!" అని నవ్వి, ఆయన గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. జరీనా ఎప్పటిలాగే గీత గీసింది.

సింగికోటలో నగారావారి ఇల్లని, పూర్వం కోట నగారా కాపరులుగా ఉన్నవారి ఇల్లు ఒకటి ఉండేది. ఏటా చైత్రమాసంలో కోటగుమ్మం అమ్మవారి జాతరకు తొలిదెబ్బ ఆ ఇంటివాళ్ళే వెయ్యాలి. ఆ దెబ్బ పడితేగాని అమ్మవారి ఘటం కదలదు. అప్పటికి యాభై ఏళ్ళుగా ఆ దెబ్బ వేస్తున్నవాడు దాలయ్య.

కార్తికం దాటేసరికి పంతులు చెప్పిన కథ ఊరంతా పాకింది. దాలయ్య వీధిలో నడుస్తుంటే పిల్లలు వెంటపడి, "తాతా, కంకణమేదీ?" అని అరవసాగారు. టీకొట్టు దగ్గర పెద్దలు ఆయన రాగానే మాట మార్చేవారు. మాఘంలో జాతర కమిటీ ఒక తీర్మానం చేసింది. ఊరికి ద్రోహం చేసిన ఇంటివాళ్ళు తొలిదెబ్బ వెయ్యకూడదు. ఈ ఏడు పొరుగూరి బ్యాండువాళ్ళను పిలవాలి.

ఫాల్గుణంలో దాలయ్య మ్యూజియానికి వచ్చి, చెప్పులు బయట విడిచి, పంతులు ముందు నిలబడ్డాడు.

"బాబూ, ఆ కత ఏ రాగిరేకు మీదుందో ఓపాలి సూపించండి. ఉంటే ఈ కర్రలు అటకమీద పడేస్తాను. నేకపోతే నేదని పదిమందిలో సెప్పండి."

పంతులు గొంతు దాకా నిజం వచ్చింది. కానీ అలవాటు అంతకంటే బలమైనది. "పెద్దల దగ్గర సమాచారం సేకరించాలి దాలయ్యా. తొందరపడితే చరిత్ర కాదు," అన్నాడు.

"జాతరకి ఇరవై రోజులే ఉంది బాబూ."

"చూద్దాం."

ఆ సాయంత్రమే ఆయన ఒక ఉపాయం ఆలోచించాడు. మ్యూజియంలో "పెద్దల మాట" అనే కార్యశాల పెట్టి, ఊళ్ళోని వృద్ధులు తమ చిన్ననాట విన్న సంగతులు చెబుతుంటే టేపు మీద ఎక్కించాలి. తాను ఆ కథను కల్పించి ఏడాదైనా కాలేదు కదా, ఏ వృద్ధుడూ దాన్ని చెప్పడు. అప్పుడు "ఆధారాలు లభించలేదు" అని హుందాగా ఒక ప్రకటన ఇవ్వవచ్చు. తప్పు ఒప్పుకునే అవసరమే రాదు.

మొదటిరోజు మొదట కూర్చున్నవాడు కుట్టుపని చేసే అప్పలకొండ. ఎనభై ఏళ్ళు. జరీనా టేపు నడిపింది.

"మా తాత సెప్పేవోడు," అని మొదలుపెట్టాడు అప్పలకొండ. "కోట మీదకి దండు వచ్చినప్పుడు, అచ్చియమ్మ తల్లి..."

పంతులు కలం ఆగిపోయింది.

తర్వాత వచ్చిన పోస్టుమాను అదే చెప్పాడు. తన నాయనమ్మ చెప్పిందన్నాడు. చేపలమ్మే ఎర్రయ్యమ్మ అదే చెప్పింది. తన ఊయల పాటే అది అంది. ఒకరిల్లు ఊరికి ఈ చివర, ఒకరిల్లు ఆ చివర. పంతులు చెప్పని సంగతులు కూడా చెప్పారు. ఆ రోజు కుండపోత వానట. ఆమె జుట్టు తడిసి ముఖానికి అతుక్కుపోయిందట. రెండు రోజుల్లో పదిమంది చెప్పారు. తాము అబద్ధం చెబుతున్నామన్న జంకు ఒక్కరి ముఖంలోనూ లేదు. ఇద్దరు ఏడ్చారు కూడా.

పదకొండో మనిషి పారమ్మ. తొంభై దాటిన ఆమె ఏడేళ్ళుగా మంచం దిగలేదు. ఆమె కోసం టేపు పట్టుకుని వీళ్ళే ఇంటికి వెళ్ళారు. పట్టపగలైనా ఆ గదిలో చల్లగా ఉంది.

"అవ్వా, అచ్చియమ్మ గురించి నీకెవరు చెప్పారు?" అని అడిగాడు పంతులు.

"ఒకలు సెప్పడమేటి? నాను సూసినాను."

"చూశావా?"

"ఒళ్ళంతా తడిసిపోయింది. సెయ్యెత్తింది." ఆమె చెయ్యి దుప్పటిలోంచి వచ్చి ఆయన మణికట్టును పట్టుకుంది. చూపు లేని కళ్ళు ఆయన ముఖం మీద నిలిచాయి. "నువ్వూ ఉన్నావు కద నాయనా, ఆ రోజు అక్కడే!"

పంతులు చెయ్యి విడిపించుకుని వీధిలోకి వచ్చాడు. ఎండ మాడ్చేస్తోంది. ఈ కథ నిజంగా నేనే కల్పించానా, లేక చిన్నప్పుడెప్పుడో విన్నానా అని మొదటిసారి అనుమానం వచ్చింది.

మర్నాడు జరీనా ఆయన్ను పిలిచి, రోడ్డు చప్పుడు వినపడకుండా తలుపులు మూసింది.

"పంతులుగారూ, మీరు తాళపత్రాలు పరిష్కరించినవారు. రెండు ప్రతుల్లో ఒకేచోట ఒకే తప్పు ఉంటే ఏమంటారు?"

"రెండింటికీ మూలం ఒక్కటే అంటాం."

"అయితే వినండి."

మొదటి టేపులో అప్పలకొండ గొంతు: "ఆ తల్లి పేరు..." తర్వాత చిన్న పొడిదగ్గు. రెండు క్షణాల నిశ్శబ్దం. "అచ్చియమ్మ." జరీనా టేపు మార్చింది. పోస్టుమాను గొంతు, అదే దగ్గు, అంతే నిశ్శబ్దం, అదే పేరు. ఎర్రయ్యమ్మ అలాగే దగ్గింది. లేచి కూర్చోలేని పారమ్మ కూడా, పంతులు వీధిలోకి వెళ్ళిపోయాక ఆ పేరు చెప్పబోతూ అలాగే దగ్గింది. పదకొండు గొంతులు, పదకొండు దగ్గులు. చివరికి జరీనా శ్రావణమాసపు టేపు పెట్టింది. వాన చప్పుడు మధ్య పంతులు తన దగ్గు తానే విన్నాడు.

పేరు దొరక్క తాను తడుముకున్న ఆ రెండు క్షణాలు ఊరందరి గొంతుల్లోకీ వెళ్ళి కూర్చున్నాయి.

"ఇది దయ్యం పని కాదు పంతులుగారూ," అంది జరీనా. "దయ్యమైతే బాగుండేది. తాయెత్తు కట్టించుకునేవాళ్ళం."

జాతరకు వారం ముందు కల్యాణమండపంలో కమిటీ సభ జరిగింది. పంతులు టేపులు పట్టుకుని వెళ్ళాడు. వందమంది కూర్చున్నారు. దాలయ్య వెనక స్తంభం దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఆ రాతిమీది స్త్రీ పేరు నాకు తెలియదు," అన్నాడు పంతులు. తన గొంతే తనకు కొత్తగా వినిపించింది. "ఆమె ఎలా చనిపోయిందో తెలియదు. ఆ కథ నేను కల్పించాను. నగారావారు ఏ ద్రోహమూ చేసినట్టు ఎక్కడా ఆధారం లేదు."

కమిటీ అధ్యక్షుడు బూరాడ జగ్గారావు పకపకా నవ్వాడు.

"దాలయ్య మీకూ కంకణం తొడిగాడేటి పంతులుగారూ?"

సభంతా నవ్వింది. "నమ్మండి! ఎదురుగా హోటల్ బోర్డు చూసి ఆ పేరు చెప్పాను," అని అరిచాడు పంతులు.

హోటల్ యజమాని లేచాడు. "అచ్చియమ్మ మా అవ్వ పేరండీ. మా అవ్వకి ఆ పేరు ఎందుకెట్టారనుకున్నారు? ఆ తల్లి పేరే కదా!" చప్పట్లు మోగాయి.

పంతులు చివరికి టేపులు పెట్టాడు. ఒకదాని తర్వాత ఒకటిగా దగ్గులు వినిపిస్తుంటే నవ్వులు ఆగిపోయాయి. సభ గప్‌చుప్‌గా వింది. పంతులు మనసు తేలికపడింది. అర్థమైంది, ఇంతమందికి ఒకేసారి అర్థమైంది అనుకున్నాడు.

అప్పుడు అప్పలకొండ లేచి చేతులు జోడించాడు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి.

"ఆ తల్లి పేరు ఉత్తినే ఎత్తకూడదు బాబూ. ముందు గొంతు సవరించుకోవాల. మా నాయనా అలాగే దగ్గేవోడు. ఆల నాయనా అంతే."

తలలన్నీ ఊగాయి. ఆయన అబద్ధం చెప్పడంలేదు. పంతులును భయపెట్టింది అదే.

జాతర రోజున పొరుగూరి బ్యాండువాళ్ళు తొలిదెబ్బ వేశారు. ఘటం కదిలింది. జగ్గారావు మైకు అందుకుని, "వీరమాత..." అని ఆగాడు. నాలుగువేల మంది ఒక్కసారిగా దగ్గారు. ఆ పొడిచప్పుడు కోటగోడకు తగిలి తిరిగి వచ్చింది. రెండు క్షణాల పాటు పసిపిల్లలు కూడా కిక్కురుమనలేదు. "అచ్చియమ్మకీ జై!" పంతులుకు తన గొంతులోనూ గరగర మొదలైంది. అరచేత్తో గొంతు నొక్కిపట్టుకుని గుంపులోంచి బయటపడ్డాడు.

గోడవార దాలయ్య ఒక్కడే కూర్చుని ఉన్నాడు. చంకలో కర్రలున్నాయి.

"నన్ను క్షమించు దాలయ్యా."

దాలయ్య చంకలోని కర్రలు తీసి పక్కన పెట్టాడు. తర్వాత అడిగాడు. "మీరు ఆయేల తెలీదు అనేసుంటే ఏటయ్యుండేది బాబూ?"

పంతులు నిజాయితీగా ఆలోచించాడు. "ఏమీ అయ్యుండేది కాదు. వాన తగ్గాక అందరూ బస్సెక్కి వెళ్ళిపోయేవారు."

"మా మనవడు బళ్ళో ఆ కతే సెప్పి బహుమతి తెచ్చుకున్నాడు. నన్ను సూసి ముకం తిప్పుకుంటన్నాడు. ఇప్పుడు నాకే అనుమానంగుంది బాబూ... మా పెద్దోలు నిజంగానే ఆ కంకణం తీసుకున్నారేటని."

"లేదు దాలయ్యా! అది నేను కల్పించిన మాట!"

"మీరు కల్పించినారు, సరే. మరి ఆ కాలంల నిజంగా ఏటి జరిగిందో మీకు తెలుసా?"

పంతులు నోరు తెరిచాడు. ఒక్క చిన్న అబద్ధం చెబితే ఆ ముసలివాడి మనసు కుదుటపడుతుంది. కానీ దాన్ని నమ్మేవారెవరు?

"తెలియదు," అన్నాడు.

దాలయ్య తల ఊపి, కర్రలు తీసుకుని, జాతరకు ఎదురుదిశగా నడిచి వెళ్ళిపోయాడు.

తెలియనిదాన్ని తెలియదని చెప్పడం క్షణం సేపు నామోషీ. తెలిసినట్టు చెప్పిన అబద్ధం మాత్రం ఎదుటివాడి పరువు తియ్యడమే కాక, చెప్పినవాడి నిజానికి కూడా విలువ లేకుండా చేస్తుంది.