మల్లవ్వ మడుగు

సాయన్నకు వాలుగలు ఎక్కడుంటాయో అంతుపట్టేది కాదు.

గోదావరి మీద బతికే మనిషికి అంతకంటే పెద్ద లోటు ఏముంటుంది? వాలుగ మందలుగా తిరిగే చేప కాదు. లోతైన మడుగు చూసుకుని, అడుగున ఒంటరిగా, నోటికందేదాని కోసం కాచుకుని ఉంటుంది. గాలం ఆ మడుగులో పడితే సరే. పక్కన పడిందా, పొద్దు గూకేదాకా కూర్చున్నా తాడు కదలదు. సాయన్న గాలం ఎప్పుడూ పక్కనే పడేది. అతను ఆ ఊరికి ఇల్లరికం వచ్చినవాడు. భార్య లచ్చవ్వకు నెలలు నిండుతున్నాయి. దుబాయిలో ఉన్న బావమరిది ఫోను చేసినప్పుడల్లా "పాస్‌పోర్టు తీసుకున్నవా బావా?" అని దెప్పుతున్నాడు. ఈ ఎండాకాలం కూడా చేప పడకపోతే సాయన్నకు దుబాయే గతి.

అందుకే ఊళ్లో పేరున్న ముసలి జాలరి ముత్తెన్న దగ్గర చేరాడు. ముసలాయనకు చూపు మందగించింది. అయినా తెప్పెక్కి, వెదురు గడను నాలుగుచోట్ల నీళ్లలో దించి "ఈడ వెయ్యి" అంటే అక్కడ వాలుగ ఉండాల్సిందే. సాయన్న అతని గడ మోశాడు. ఎరకు కప్పలు పట్టాడు. చుట్ట ముట్టించి ఇచ్చాడు.

"తాతా, ఇన్ని మడుగులు నీకెట్ల దొరికినయి?"

"ఎతికితే దొరికినయి బిడ్డా."

ఎన్నిసార్లు అడిగినా అంతే. పైగా తన వెంట ఉన్నప్పుడు తప్ప ఆ మడుగుల వైపు పోవద్దన్నాడు. విద్య నేర్పడానికి కూడా ఇంత పిసినారితనమా అని సాయన్న లోలోపల నొచ్చుకున్నాడు.

ఒకటి మాత్రం కనిపెట్టాడు. గాలం వేసే ముందు ముసలాయన పైపంచె కొంగున కట్టుకొచ్చిన మూట విప్పుతాడు. బెల్లమన్నం ముద్ద తీసి, పెదవులు కదిపి, నీళ్లలో వదులుతాడు. ప్రతి మడుగు దగ్గరా అదే తంతు. సాయన్న బుర్ర చురుకైనదే, కాకపోతే వద్దన్న దారిలోనే చురుగ్గా పరిగెత్తేది. బెల్లమన్నానికి చిన్నచేపలు వస్తాయి, వాటి వెనకే వాలుగ వస్తుంది. అదీ కిటుకు. ఇక ఆ పెదవుల కదలిక మంత్రమే అయ్యుండాలి. చెవి నిక్కించి కూర్చోగా, రెండో మడుగు దగ్గర ఒక మాట స్పష్టంగా వినబడింది.

"మల్లవ్వా."

ఊరివాళ్లు గోదావరిని గంగ అనే అంటారు. ఆ గంగలో వెలసిన తల్లి ఎవరో అనుకున్నాడు సాయన్న.

మర్నాడు లచ్చవ్వతో బెల్లమన్నం వండించి, ముసలాయనకు చెప్పకుండా ఆ మడుగు మీదికి పోయాడు. ముద్ద చేతిలో పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"మల్లవ్వ తల్లీ, నా ఇల్లు నిలబెట్టు. నీ కడుపుల ఉన్నదాంట్ల ఒక్కటి నాకియ్యి."

ముద్ద వదిలాడు. గాలం వేశాడు. ఎండ ముదరకముందే చెయ్యంత వాలుగ పడింది.

దాన్ని భుజాన వేసుకుని, ఊరంతా చూసేలా ఇసుకలో నడిచి, ముత్తెన్న ముందు దించాడు.

"నువ్వు చెప్పకున్నా నాకు మంత్రం దొరికింది తాతా. మల్లవ్వ తల్లి పలికింది."

ముసలాయన చేప వైపు చూడలేదు. "ఏమని మొక్కినవ్?" అన్నాడు.

సాయన్న చెప్పాడు. కాస్త గర్వంగానే చెప్పాడు. ముత్తెన్న ఇసుకలో చతికిలబడి, పంచె కొంగుతో ముఖం తుడుచుకున్నాడు. ఆ రోజు తెప్ప నీళ్లలోకి దించలేదు.

తర్వాత కొన్నాళ్లకు పట్నం నుంచి కాలేజీ పిల్లలు స్నానానికి వచ్చారు. మోకాటి లోతనుకున్న చోట ఒకడు మునిగి, నీటివాలుకు కొట్టుకుపోయాడు. ఊరివాళ్లు ముందుగా పరిగెత్తింది ముత్తెన్న ఇంటికే. ఎవరు మునిగినా ముత్తెన్ననే పిలుస్తారని సాయన్నకు ఆ రోజే తెలిసింది. ముత్తెన్న, సాయన్న ఒడ్డు చేరేసరికి, పిల్లలను కారులో తీసుకొచ్చిన ఆ పిల్లవాడి తండ్రి అక్కడే ఉన్నాడు. బూట్లతోనే నీళ్లలో నిలబడి కొడుకును పేరు పెట్టి పిలుస్తున్నాడు.

"శ్రవణ్. శ్రవణ్."

ముసలాయన గడ తెచ్చి సాయన్న చేతికిచ్చాడు.

"మడుగులు చూపియ్యుమన్నవ్ గద. పట్టు."

మొదటి మడుగు మీద తెప్ప ఆగింది. సాయన్న గడ దించి అడుగంతా తడిమాడు. ఏమీ తగల్లేదు.

"ఇది మా రాజలింగుది" అన్నాడు ముత్తెన్న. "నా కొడుకు. వాని కోసం ఎతుక్కుంటనే నాకు గంగ అడుగంత తెల్సింది."

సాయన్న గడతో తెప్పను నెట్టాడు. తెప్ప ముందుకు పోయింది. రెండో మడుగు దగ్గర ముసలాయన చెయ్యెత్తాడు.

"ఇది మల్లవ్వ. చిన్నపిల్లను ఒడ్డు మీద పండవెట్టి బట్టలుతకను దిగింది. నెలలు నిండి కూడ ఉండె. గిన్నె కడిగినంతసేపట్ల పోయింది. నేనే తీసిన."

సాయన్న అడుగు తడుముతున్న గడను ఆపాడు. తాను ఆమెను ఏమడిగాడో గుర్తొచ్చింది. ఆమె కడుపులో ఉన్నదాన్ని అడిగాడు. ముసలాయన అతని ముఖం చూడకుండా "కదులు" అన్నాడు. "ఆ తండ్రి సూస్తుండు."

ప్రతి మడుగుకూ ఒక పేరుంది. ఒక్కో పేరూ చెప్పి ముసలాయన ముందుకు సాగమన్నాడు. ఇన్నాళ్లూ వాలుగలు పట్టిన చోట్లన్నీ వరసగా దాటారు. పిల్లవాడు వాటిలో ఎక్కడా లేడు. ఇసుక తోడే యంత్రాలు తవ్వి వదిలేసిన కొత్త గుంత ఒకటి అవతల ఉంది. దానికి ఇంకా పేరు లేదు. అందులో గడ చివర మెత్తగా ఆనింది.

సాయన్నే దిగి తీసుకొచ్చాడు. తండ్రి పిలవడం అప్పుడు ఆపాడు.

ఆ తర్వాత సాయన్న గాలం ముట్టలేదు. ఇంట్లో ఉన్న బియ్యం అయిపోయాయి. లచ్చవ్వ అడగడం మానేసింది. బావమరిది ఫోను వస్తే "పాస్‌పోర్టు తీసుకుంటున్న" అని చెప్పాడు.

ఒక పొద్దున ముత్తెన్న గడతో గుమ్మం ముందు నిలబడ్డాడు.

"గుంతల వాలుగ చేరింది. నీళ్ల సప్పుడు ఇన్న. రా."

"నా వల్ల గాదు తాతా. మనుషులు పోయిన జాగల గాలం ఎట్ల ఏస్తం?"

"గంగల ఎవ్వలు పోని జాగ ఉంటే చెప్పు. ఆడికే పోదాం."

సాయన్న లేచి వెంట నడిచాడు.

కొత్త గుంత మీద తెప్ప ఆగింది. నీళ్లు ఎప్పటిలాగే మెరుస్తున్నాయి. సాయన్న గాలానికి కప్పను గుచ్చి, తాడు సరిచేసి, చెయ్యెత్తాడు. ముత్తెన్న ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించాడు. మూట విప్పి, బెల్లమన్నం ముద్ద ఆ అరచేతిలో పెట్టాడు.

సాయన్న ముద్ద వైపు చూశాడు. నీళ్ల వైపు చూశాడు. ఈసారి ఏమీ అడగలేదు.

"శ్రవణ్" అన్నాడు.

ముద్ద వదిలాడు. అది మెల్లగా విడిపోతూ మునిగింది.

అది కనబడకుండా పోయేదాకా ముసలాయన ఆగాడు.

"ఇగ వెయ్యి" అన్నాడు.