సన్యాసి పీత చూసుకున్న ఇల్లు

కాకినాడలో దశరథరామయ్యగారి ముందుగదిలో నాలుగడుగుల గాజు తొట్టి ఉంది. నిండా ఉప్పునీళ్ళు, అడుగున ఇసుక, మధ్యన రాళ్ళు. అందులో నాచు మేసే పని శంఖాలు అనే నత్తది. పాపం, ఒక్కతే ఎంతని మేస్తుంది! నాచు రాళ్ళమీదికి పాకింది. దాంతో అయ్యగారు చేపల కొట్టుకెళ్ళి, "ఇది నాచు తింటుందా?" అని ఒక్క ప్రశ్న అడిగి, ఓ సన్యాసి పీతను తెచ్చి తొట్టిలో వదిలారు.

దాన్ని చూడగానే శంఖాలు కొయ్యబారిపోయింది. పీత వీపుమీద ఉన్నది నత్తగుల్ల!

"ఆ గుల్ల ఎవరిదనుకున్నావ్?" అంది చారల చేప గుసగుసగా. "కొట్లో మా పక్కనుండే ముసలి నత్తది. వీడొచ్చిన మూడోనాటినుంచీ ఆవిడ మళ్ళీ కనపళ్ళేదు."

అది విన్నాక శంఖాలుకు మేత సయించలేదు. పీత మాత్రం రోజూ ఆమె మేసే గాజుగోడ కిందికొచ్చి పలకరించేవాడు.

"ఏం అక్కగారూ, ఇల్లు విశాలంగా ఉన్నట్టుందే! మాది మరీ ఇరుకైపోయింది. మా వంశంలో కట్టుకునే అలవాటు లేదు, చూసుకుని దూరడమే."

"ఇందులో నేనుంటున్నాను కదయ్యా!"

"ఉండండి, ఉండండి. ఉన్నన్నాళ్ళు ఉండండి."

ఓ మధ్యాహ్నం భయంభయంగా మేస్తుంటే శంఖాలు పట్టు జారి, గోడవారనే ఇసుకలో వెల్లకిలా పడింది. వెల్లకిలా పడ్డ నత్త తనంతట తాను తిరగలేదు. ఎంత మెలికలు తిరిగినా లాభం లేకపోయింది. చారల చేప "మనకెందుకొచ్చిన గొడవ" అనుకుని రాయిచాటుకు తప్పుకుంది. పీత తాపీగా వచ్చి గుల్లవాకిట్లో డెక్క పెట్టాడు.

"భయపడకండి అక్కగారూ. క్షణంలో అయిపోతుంది."

శంఖాలుకు పైప్రాణాలు పైనే పోయాయి. అయినా తెగించి అంది.

"కానీ నాయనా, నా రాత. కాకపోతే పడ్డప్పుడు వీపున టప్పుమంది. ఇల్లు బీటలిచ్చిందేమో! చూసుకోకుండా దిగి, రేపు నన్ను తిట్టుకోకు."

పీత డెక్క ఆగింది. ఇల్లు మారేముందు నాలుగువైపులా తడిమి చూడటం వాళ్ళ తాతలనాటి ఆచారం.

"అయితే తిరగండి, చూస్తాను."

"నాకంత ఓపికేదీ? నువ్వే తిప్పుకో."

పీత రెండు డెక్కలతో పట్టి బోర్లా తిప్పాడు. వీపంతా తడిమాడు. ఎక్కడా బీటలేదు! ఆత్రంకొద్దీ పాత గుల్లలోంచి సగం బయటికొచ్చేశాడు. ఈలోగా శంఖాలు పక్కనున్న గాజుగోడకు పాదమంతా ఆనించి అతుక్కుపోయింది. పీత లాగాడు, పీకాడు, ఊగాడు. ఊడితేగా!

మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి. గుల్ల బయట వేలాడుతున్న ఆ మెత్తని పొట్టను చూసి, రాయిచాటు చేపకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. రివ్వున వచ్చి ఒక్క కాటు వేసింది. పీత కుయ్యోమొర్రోమంటూ ఆ ఇరుకు గుల్లలోకే దూరాడు.

మర్నాడు దశరథరామయ్యగారు అద్దంలోంచి చూసి, "కిందంతా వాడు మేస్తున్నాడు, పైనంతా అది మేస్తోంది. ఎంత పొత్తో!" అని మురిసిపోయారు. పైన గోడ అంచున శంఖాలు ఇంకా వణుకుతూనే ఉంది.

ఇంట్లోకి రానిచ్చేముందు వాడేం తింటాడో అడిగితే చాలదు, వాడి కన్ను దేనిమీద ఉందో కూడా చూడాలి.