కామేశం బొమ్మల గది

మాఘమాసం, భీష్మాష్టమి, శనివారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. రాహుకాలం పోవడానికి ఇంకా పది నిమిషాలుంది, కాస్త ఆగి తియ్యరా అని మా అత్తగారు అంటూనే ఉన్నారు. మా మరిది కామేశం అప్పటికే మేడమీది గది తాళం తీసేశాడు.

ఆ గదిలో అతను కొన్న బొమ్మలుంటాయి. అన్నీ ఈ కాలపు వాళ్ళు వేసినవి. ఎండ తగులుతుందని, పొగ తగులుతుందని, మా చేతులు తగులుతాయని ఒక్కటీ గోడకెక్కలేదు. దుప్పట్లు చుట్టుకుని వరసగా నిలబడి ఉంటాయి. విశాఖపట్నం నుంచి ప్రదర్శన పెట్టేవాళ్ళు మర్నాడే వస్తున్నారు. వాళ్ళకి నచ్చితే కామేశం పేరు మీద ఒక హాలు నిండా ఇవే పెడతారు. ఆ ఒక్క మాట కోసం అతను ఏళ్ళ తరబడి కాచుకుని ఉన్నాడు. అందుకే, కాలేజీలో తనకి బొమ్మలు నేర్పిన సోమయాజులు మాస్టారిని పిలిపించాడు.

ఆయన మెట్లెక్కిన ఆయాసం తీరకముందే అడిగాడు. "మాస్టారూ, ఇంకా ఏం కొంటే ఇది మంచి సేకరణ అనిపించుకుంటుంది?"

మాస్టారు కళ్ళు మూసుకున్నారు. "కనిపించినప్పుడల్లా ఇదేనా? నీకు బజారు చీటీ రాసిపెట్టడానికి వచ్చానటయ్యా? ముందు ఉన్నవి విప్పు."

విప్పాడు. విప్పగానే అతని మొహం మాడిపోయింది. ప్రతి ఫ్రేము మూలా కుంకుమ బొట్టు. బీరువా కానీ మిక్సీ కానీ, కొత్త వస్తువు ఏదొచ్చినా బొట్టు పెట్టందే అత్తగారు గడప దాటనివ్వరు.

"అమ్మా, ఇవి మిక్సీలు కావే."

"కావులే. మిక్సీ అయితే రోజుకోసారైనా బయటికొచ్చేది."

మాస్టారు కిటికీ దగ్గర మొదటి బొమ్మ చూస్తూ ఉండిపోయారు. కామేశం తడి దూది తెచ్చి, గొణుక్కుంటూ ఒక్కో బొట్టే తుడుచుకుంటూ పోయాడు. చివరిది కాగితం మీద వేసిన బొమ్మ, శ్రీకాకుళంలో ఉండే హైమ అనే అమ్మాయిది. బూడిదరంగు చేను, కింద మూలగా ఒక ఎర్రటి చుక్క. దానికి ఫ్రేము లేదు కనక అమ్మ కాగితం మీదే బొట్టు పెట్టేసిందనుకుని గట్టిగా రుద్దాడు. చుక్క పోయింది. చుట్టూ ఉన్న చేను కూడా కొంత కరిగి దూదిలోకి వచ్చేసింది.

"ఇంతలా అద్దాలా అమ్మా?" అని విసుక్కున్నాడు.

అత్తగారు వంగి చూశారు. "అది నేను పెట్టింది కాదురా. ఆ పిల్లే వేసింది. వచ్చినరోజే చూశాను. ఉన్నదానికి మళ్ళీ ఎందుకని ఊరుకున్నాను."

కామేశం దూది పక్కన పడేసి కాగితాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. "బాగుచెయ్యడం కుదురుతుందా మాస్టారూ?"

"వేసినమ్మాయిని అడుగు. చుక్క ఎక్కడుండేదో మాత్రం మీ అమ్మని అడిగి వెళ్ళు." మాస్టారు ఉత్తరీయం సర్దుకుని కదిలారు. గుమ్మం దాకా వెళ్ళి ఆగారు. "ఇంకా ఏం కొనాలని కదూ అడిగావు? ఒక సుత్తి కొను."

మర్నాడు తెల్లవారగానే కామేశం ఆ కాగితాన్ని రెండు అట్టల మధ్య పెట్టుకుని శ్రీకాకుళం బస్సెక్కాడు. విశాఖపట్నం వాళ్ళు వచ్చేసరికి మేం మా ఇంటి హాల్లో బొమ్మలు తగిలించడానికి మేకులు కొడుతున్నాం. అత్తగారు వాళ్ళని నిచ్చెన పట్టుకోమన్నారు.