పిప్పి మండించిన నూకాలు

ఎప్పటి మాటో నన్నడగొద్దు. మా తాత చూడలేదు, ఆయన తాతా చూడలేదు. మా ఊళ్లో నూకాలనే మనిషి ఉండేది. చెరకు గానుగ దగ్గర బెల్లం పొయ్యి ఎగదోయడం ఆమె పని. పొలం లేదు, పుట్ర లేదు. పొగకి ఎర్రబడిన రెండు కళ్లు మాత్రం ఉండేవి.

బెల్లం వండడానికి ఊరివాళ్లు కొండమీది చెట్లు కొట్టారు. కొట్టారు, కొట్టారు, కొండ బోడిగుండు చేశారు. ఆ ఏడు చెరకు ఏపుగా పెరిగింది, పొయ్యిలోకి పుల్ల లేదు. రసం తీసిన పూటే కాయాలి, లేకపోతే పులిసిపోతుంది. ఊరందరికీ ఏడాది తిండి ఆ చెరకే. గానుగ ఆసామి సూరినాయుడు తల పట్టుకున్నాడు.

"రసం తీసేసిన పిప్పి గుట్టలుగా పడుంది కద బాబూ, దాన్ని మండించనా?" అంది నూకాలు.

"కాళ్లకడ్డమొచ్చే సెత్తతో బెల్లం వొండతావేటే?" అని నాయుడు నవ్వాడు. నవ్వాడే గానీ కాదనలేదు. వేరే దారేది మరి?

మొదటిసారి పచ్చి పిప్పి వేసింది. మంట రాలేదు, పొగ వచ్చింది. ఊరంతా దగ్గింది. రసం పులిసింది.

"ఇంకోసారి, బాబూ."

రెండోసారి ఒకరోజు ఎండబెట్టి ఒక్కసారే కుమ్మరించింది. మంట గుప్పున లేచి, అంతలోనే ఆరింది. రసం పాకమైంది గానీ ముద్ద కట్టలేదు. పిల్లలు మాత్రం వేళ్లు ముంచి నాకి పండగ చేసుకున్నారు.

"ఇంకోసారి, బాబూ."

"ఇదే ఆకరు. ఈసారీ సెడితే పొయ్యికాడికి రావొద్దు" అన్నాడు నాయుడు.

పొయ్యి పోతే కూడు పోయినట్టే. నూకాలు భయపడింది. పడదూ? మూడు రోజులు పిప్పిని ఎండలో తిరగేసి, తిరగేసి, గలగలమనేదాకా ఆరబెట్టింది. మూడోసారి గుప్పెడు, గుప్పెడుగా వేసింది. పొద్దున్నించి సాయంత్రందాకా చెయ్యి ఆపలేదు, మంచినీళ్లకైనా లేవలేదు. మంట నిలిచింది. పసుపుపచ్చని బెల్లం ముద్ద కట్టింది.

నాయుడు ఆత్రంగా ముక్క నోట్లో వేసుకుని నాలుక కాల్చుకున్నాడు. "గెలిసేసినావే నూకాలూ" అన్నాడు.

"ముందు నీళ్లియ్యండి బాబూ" అంది ఆమె.

ఆ ఏటినించి ఊళ్లో గొడ్డలి కొండెక్కలేదు. మోళ్లు చిగిర్చాయి. పిప్పి బూడిద పొలాలకి పోశారు, చెరకు ఇంకా ఒత్తుగా వచ్చింది. నూకాలు ముసలిదై కన్నుమూసిననాడు ఏడవని ఇల్లు లేదు.

ఇప్పటికీ మా ఊళ్లో ఎవరి పనైనా రెండుసార్లు చెడితే తిట్టరు. "నూకాలుకీ రెండుసార్లు సెడింది" అంటారు. ఏటా మొదటి బెల్లం పెనం పొయ్యి దిగాక తొలి ముక్క పొయ్యి ఎగదోసినవాళ్లకే. వాళ్లు తిని, నీళ్లు తాగి, బాగుందన్నాకే ఆసామి చెయ్యి చాపాలి. ఎంత పెద్ద నాయుడైనా సరే.