బుర్రకథకు లెన్సు

మస్తాన్ మాస్టారిని ఏదైనా అడిగితే జవాబు ఆ రోజు రాదు. పొన్నూరులో ఆయన స్టూడియోకి ఫొటో పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లందరికీ అది తెలిసిన సంగతే. అడిగింది వింటారు, కళ్లద్దాలు తుడుచుకుంటారు, తిరిగి ఒక చిన్న ప్రశ్న వేస్తారు. అంతటితో సరి. జవాబు ఎప్పుడో, ఎక్కడో, మనం అడిగామన్న సంగతి మరిచిపోయాక ఎదురవుతుంది.

అక్కడ పని నేర్చుకుంటున్న వకుళ అడిగింది లెన్సు గురించి. ఊళ్లో వీరరాఘవులు బుర్రకథ ఉంది. వేదిక మీద ఒకే బల్బు, అదీ గుడ్డి వెలుగు. ఫ్లాష్ వెయ్యడానికి లేదు. కళ్లలో మెరుపు పడితే ఆ ముసలాయనకు కథ తెగిపోతుంది. అసలే మతిమరుపు జబ్బు. మనుషుల్ని పోల్చుకోవడం తగ్గిపోయింది, అన్నం తిన్నదీ లేనిదీ గుర్తుండటం లేదు. తంబురా భుజాన వేసుకుంటే మాత్రం కథ చాలావరకు దానంతటదే వస్తోంది. అదీ ఎన్నాళ్లో తెలియదు. ఆయన భార్య రత్తమ్మ స్టూడియోకి వచ్చి, "ఆయన కథ చెబుతుండగా ఒక్క ఫొటో తియ్యమ్మా. రేపు నేనెవరో కూడా మరిచిపోతే, అది చూపించి గుర్తుచేసుకుంటాను" అని అడిగి వెళ్లింది.

మాస్టారి బీరువాలో ఆ వెలుగుకు పనికొచ్చే లెన్సులు రెండున్నాయి. ఎయిటీఫైవ్ ఎం.ఎం. లెన్సు వెలుగు పట్టడానికి బాగా తెరుచుకుంటుంది; చీకట్లో కూడా ముఖాన్ని దగ్గరకు లాక్కొచ్చి నిలబెడుతుంది. అయితే అంతగా తెరిస్తే నిలిచేది ఆ ఒక్క ముఖమే, పక్కనున్నదంతా మసకైపోతుంది. థర్టీఫైవ్‌లో వేదికంతా పడుతుంది, కాని ముఖాలు చిన్నవవుతాయి. అందరూ తేటగా రావాలని కొంచెం మూస్తే వెలుగు చాలక బొమ్మంతా గ్రెయిన్స్, ఇసక చల్లినట్టు. ఏది తీసుకెళ్లను మాస్టారూ, అని వకుళ అడిగింది.

"కథ ఎంతమంది చెబుతారమ్మాయ్?" అన్నారు మాస్టారు.

"చెప్పేది ఒక్కరేగా మాస్టారూ. మిగతా ఇద్దరూ వంతలు, పక్కన ఊకొట్టేవాళ్లు."

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని రెండు లెన్సులూ బల్ల మీద ఉంచారు. వకుళ ఎయిటీఫైవ్ తీసుకుంది.

పొద్దుగూకాక కథ మొదలైంది. నడుమ వీరరాఘవులు, కుడిపక్క పసుపు చీరలో రత్తమ్మ, ఎడమపక్క ఆమె తమ్ముడు, ఇద్దరి చేతుల్లోనూ డక్కీలు. యుద్ధానికి వెళ్లే కొడుకు తల్లి దగ్గర సెలవు తీసుకునే ఘట్టంలో ముసలాయన ఆగిపోయాడు. నోరు తెరిచే ఉంది, మాట లేదు. వంతన్నాక ఔననడంతో తీరదు, ప్రశ్నలు వెయ్యడమూ పనే. రత్తమ్మ డక్కీ మీద ఒక దెబ్బ వేసి, "ఏమయ్యా కథకుడా, ఆ తల్లి కొడుక్కి పెరుగన్నం కలిపి పెట్టిందా, వట్టి కడుపుతోనే పంపించిందా?" అని అడిగింది. పెట్టింది, పెరుగన్నం పెట్టింది, అని ఆయన అందుకున్నాడు. మళ్లీ ఆగాడు. తింటే తిన్నాడు గాని, గుర్రమెక్కేటప్పుడు వెనక్కి తిరిగి చూశాడా అని ఆమె మళ్లీ అడిగింది. జనం హాస్యమనుకుని నవ్వారు. "మీ ఆవిడ నిన్ను సాగనిచ్చేట్టు లేదయ్యా" అని ముందు వరసలోంచి ఎవరో అన్నారు కూడా. అలా అడుగుతూ అడుగుతూ కథను మంగళం దాకా ఆమే నడిపించింది.

వకుళ ఆ ఆగిన క్షణాన్నే పట్టుకుంది. నుదుటి ముడతలు, కణత మీద చెమటబొట్టు, సగం తెరిచిన నోరు, కుడిపక్కకు తిరిగి దేనికోసమో వెతుక్కుంటున్న కళ్లు. యుద్ధభూమిని కళ్లారా చూస్తున్నాడు అన్నారు స్టూడియోకొచ్చినవాళ్లు. మాస్టారు చూసి బాగుందన్నారు.

వకుళ ఫొటోకు ఫ్రేము కట్టించి రత్తమ్మ ఇంటికి తీసుకెళ్లేసరికి వానలు పడ్డాయి. అప్పటికి వీరరాఘవులు తంబురా ముట్టడం మానేశాడు. అరుగు మీద కూచుని, మంచినీళ్లిచ్చిన రత్తమ్మను, "ఎవరి తాలూకమ్మా మీరు?" అని మర్యాదగా అడుగుతున్నాడు. ఆమె చెంగుకు చేతులు తుడుచుకుని ఫొటో ఆయన ఒళ్లో పెట్టింది. ఆయన చాలాసేపు చూశాడు. వేలు తన ముఖం దగ్గర ఆగలేదు. కుడి అంచున పసుపుపచ్చగా అలుక్కుపోయిన మసక మీదికి వెళ్లి, అద్దానికి ఏదో అంటుకుందన్నట్టు గోటితో గీకింది.

"ఇక్కడ వంత ఉండాలే. ఏదీ?" అన్నాడు.

రత్తమ్మ తన చీర రంగును పోల్చుకుంది. కాని ఆయనకు చూపించడానికి అందులో ముఖం లేదు. "ఉందిలే. ఇక్కడే ఉంది, నువ్వు చెప్పు" అంది.

ఆయన పరాయి మనిషిని చూసినట్టు చూసి, "మీకు తెలియదమ్మా, వంత లేందే కథ సాగదు" అన్నాడు.

వకుళ స్టూడియోకి వచ్చి జరిగింది చెప్పింది. చెబుతూనే బీరువా తెరిచి థర్టీఫైవ్ తీసి చేతిలో పట్టుకుంది. ఇప్పుడు వెళ్లి తీద్దామన్నా అక్కడ కథ లేదు. దాన్ని లోపల పెట్టనూ లేక, కింద పెట్టనూ లేక అలాగే నిలబడింది. మాస్టారు కళ్లద్దాలు తుడుస్తూ కూచున్నారు, అవి ఎప్పుడో తుడవడం అయిపోయినా.

"ఆ ఫొటోలో ఆయన ఎటు చూస్తున్నాడమ్మా?" అన్నారు.