ఏడ్వని ఇంటికి వచ్చిన మబ్రూక

ఏ రాజు ఏలిన కాలమో నాకు తెలియదు, నాకు చెప్పిన మా అవ్వకూ తెలియదు. ఒక కోట ఉండేది. కోట నిండా గుర్రాలు ఉండేవి. ఆ గుర్రాలకు గడ్డి కోసే మబ్రూక ఉండేది.

మబ్రూక సిద్దీ మనిషి. చిన్నప్పుడే ఆఫ్రికా నుంచి ఓడ మీద తెచ్చి ఈ గడ్డన దింపారు. ఆమెకు ఉన్నదల్లా ఒక కొడవలి, మొద్దు తొలిచి మేకతోలు బిగించిన ఒక డోలు. పొద్దున గడ్డి కోసేది. పొద్దు వాలితే డోలు కొట్టి ఆడేది.

ఆ కోట కింది ఊళ్లో కనకవ్వ అని, బట్టలు నేసే సాలె ఇంటి కోడలు ఉండేది. వాగు పొంగి ఆమె ఐదేళ్ల బిడ్డ కొట్టుకుపోయింది. ఆ రోజు నుంచి కనకవ్వ ఏడ్వలేదు, మాట్లాడలేదు, లేవలేదు. నోట్లో పోసిన నాలుగు చుక్కల గంజితో గోడకేసి చూస్తూ ఎండిపోతోంది.

మొగుడు రాజలింగం వైద్యుణ్ణి తెచ్చాడు. కషాయం పోశారు. కనకవ్వ కదల్లేదు. భూతవైద్యుణ్ణి తెచ్చాడు. వేపమండలతో కొట్టారు. కనకవ్వ కదల్లేదు. పుట్టింటి నుంచి తల్లిని తెచ్చాడు. తల్లి ఒళ్లో పడుకోబెట్టుకుంది. కనకవ్వ కదల్లేదు.

గడ్డిమోపుతో ఆ వీధిన పోతూ మబ్రూక ఇదంతా చూసింది. మర్నాడు డోలుతో వాకిట్లో నిలబడింది.

అత్త గయ్యిమంది. "ఏడ్చే ఇంట్ల ఆటలేందే?"

"ఏడ్చే ఇల్లయితే నేనెందుకొస్తనమ్మా? బిడ్డ పోయి నెలాయె. కన్నతల్లి ఇంకా ఏడ్వనే లేదు."

అత్త పక్కకు జరిగింది.

మబ్రూక కనకవ్వ మణికట్టు పట్టుకుంది. నాడి ఎట్లా కొట్టుకుంటోందో చూసి, డోలు మీద అట్లాగే కొట్టింది. మొదటి రోజు కనకవ్వ కదల్లేదు. రెండో రోజూ కదల్లేదు.

"ఇగ చాలు తల్లీ, పో," అన్నాడు రాజలింగం.

"మా అమ్మ ఓడలనే సచ్చిపోయింది. మావోళ్లు ఓడ పలకల మీద కొట్టి కొట్టి నన్ను లేపి ఆడించిండ్రు. నేను బతికిన. నీ పెండ్లాం గూడ బతుకుతది. రేపొస్త."

మూడో రోజు కనకవ్వ వేలు నేల మీద తట్టింది. ఒక్కసారి. మళ్లీ ఒకసారి. మబ్రూక చప్పున లేచి డోలును రాజలింగం ఒళ్లోకి తోసింది.

"కొట్టు!"

"నాకు రాదు!"

"మగ్గం ఆడిస్తవు గదా, ఆ సప్పుడే కొట్టు!"

రాజలింగం మగ్గం చప్పుడు కొట్టాడు. మబ్రూక కనకవ్వను రెండు చేతులా లేపింది. పాదం కదిలింది, నడుం కదిలింది, చేతులు పైకి లేచాయి. అప్పుడు "బిడ్డా!" అని కనకవ్వ పెట్టిన కేకకు వీధి వీధంతా పరుగెత్తుకొచ్చింది. అత్తా కోడలూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఆ సాయంత్రం కనకవ్వ తనే అన్నం అడిగింది.

తర్వాత కనకవ్వ డోలు నేర్చుకుంది. ఆమె వెనక వీధిలోని ఆడవాళ్లంతా నేర్చుకున్నారు. తప్పు కొడితే మబ్రూక తిట్టేది. భయపడి ఆపేస్తే ఇంకా తిట్టేది. మబ్రూక ముసలిదై చనిపోయిననాడు కోటవాళ్లెవరూ రాలేదు. సాలెవీధే పాడె మోసింది. కనకవ్వ ముందు నడుస్తూ డోలు కొట్టింది.

ఇప్పటికీ ఆ ఊళ్లో చావు జరిగిన ఇంటికి మూడోనాడు ఆడవాళ్లు డోళ్లతో పోతారు. ఆ ఇంటివాళ్లు లేచి అడుగు కలిపేదాకా ఎవరూ వెనక్కి రారు. దుఃఖం దిగమింగుకుని తిరిగే మనిషి కనబడితే భుజం తట్టి ఒకే మాట అంటారు:

"లే, మబ్రూక వచ్చింది."